తొందరేం లేదు సర్

పోయినవారం మనం టెస్సా హాపలాని సరస్సుకి వెళ్ళే మట్టిరోడ్డు మీద, జీనా పలుంబో కారులో కూర్చోబెట్టి వదిలేశాం. ఏడు రోజుల్లో మనకి వంద పనులు, అందుకని ఒక్కసారి గుర్తుచేస్తాను. టెస్సా మెడికల్ స్కూలుకి దరఖాస్తు పెట్టడం ఇది రెండోసారి. మొదటిసారి పరీక్షలో మార్కులు చాల్లేదు. ఏడాదిపాటు వృద్ధుల ఆశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తూ, డ్యూటీకి ముందు పొద్దున్నే లేచి చదువుకుంటూ ఆ మార్కులేవో తెచ్చుకుంది. ఈసారి అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. సైన్సు చెప్పిన ఇద్దరు మాస్టార్లు ఆమె గురించి సిఫారసు ఉత్తరాలు పంపాలి. ఒకావిడ జూన్‌లోనే పంపేసింది. రెండో ఆయన, ప్రొఫెసర్ హార్లన్ ఓస్ట్‌బీ, మంచు కరిగే రోజుల్లో రాస్తానన్న మనిషి, మళ్ళీ మంచు పడే రోజులొచ్చినా రాయలేదు.

ఆ ఒక్క ఉత్తరం రానందుకు అడిగిన ప్రతి కాలేజీలోనూ టెస్సా ఫైలు ‘అసంపూర్తి’ అనిపించుకుని మూలన పడి ఉంది. తెరిచి చూసిన నాథుడు లేడు. తనలాంటి గనుల ఊళ్ళ పిల్లల్ని డాక్టర్లని చేసి తిరిగి ఆ ఊళ్ళకే పంపే కాలేజీ ఒకటుంది. టెస్సా ఆశంతా దానిమీదే. అది ఇవాళ సాయంత్రం ఐదింటికి తలుపులు మూసేస్తుంది. ఇది కూడా పోతే మూడోసారి పెట్టే ఓపిక ఆమెకి లేదు, పెట్టించే ఓపిక స్కూలు బస్సు నడిపే వాళ్ళమ్మకీ లేదు.

అన్నిటికన్నా కడుపు మండే సంగతి ఇంకొకటుంది. ఇదే ఓస్ట్‌బీ జీనాకి వారంలో రాసిచ్చాడు. ఇద్దరూ ఒకే క్లాసు, ఒకే ల్యాబు, నాలుగేళ్ళుగా ఒకే గది. జీనాకి సీటొచ్చి పదిరోజులైంది. టెస్సా ఆమెని కావలించుకుని, నిజంగానే సంతోషపడి, తర్వాత స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఇక కథలోకి.

ఓస్ట్‌బీ ఇంటి ముందు కారు ఆగింది. జీనా ఇంజను ఆపలేదు, హీటరు కోసం. టెస్సా దిగకుండా సీటుబెల్టు పట్టుకుని కూర్చుంది.

“దిగవే.”

“ఏమని మొదలుపెట్టాలో ఆలోచిస్తున్నా.”

“ఆరునెల్లుగా ఆలోచిస్తూనే ఉన్నావు.” జీనా ఆమె చేతిలోని ఫోను లాక్కుంది. “నువ్వు రాసినవి నీకే చదివి వినిపిస్తా విను. ఇది జూలైలో. ‘మీకు తీరిక చిక్కినప్పుడే చూడండి. తొందరేం లేదు సర్.’ ఇది ఆగస్టు. ‘మళ్ళీ విసిగిస్తున్నాను, ఏమీ అనుకోకండి. తొందరేం లేదు సర్.’ ఇది సెప్టెంబరు. ‘కాలేజీవాళ్ళు అడుగుతున్నారు, అయినా మీ పనులు మానుకుని మాత్రం రాయొద్దు. తొందరేం లేదు సర్.’ తల్లీ, నీకసలు సీటు కావాలా వద్దా?”

“మొహంమీద అడిగితే బావుండదే.”

“మా ఊళ్ళో అయితే ‘ఇవాళ పంపుతారా, మీ గుమ్మంలో పక్కేసుకోమంటారా’ అని అడుగుతాం.”

“మీది న్యూజెర్సీ.”

“అయితే ఏం? న్యూజెర్సీలో డాక్టర్లు లేరా?” జీనా ఫోను తన ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూసింది. “నా మాట విని వేసవిలోనే వేరే ఎవరినైనా అడిగుంటే నీకీ గొడవ ఉండేది కాదు. ఎన్నిసార్లు చెప్పాను?”

చెప్పిన మాట నిజమే. వేసవి నుంచీ చెవిలో జోరీగలా చెబుతూనే ఉంది. టెస్సాయే వినలేదు. ఒకాయన రాస్తానన్నాక ఇంకొకరి దగ్గరికి వెళ్తే ఆయన నొచ్చుకోడూ? వాళ్ళమ్మ పెంపకం అది. ఆ మాటకొస్తే ఉత్తర మిన్నెసోటా పెంపకమే అది. ఇక్కడి జనానికి నోట్లో ‘కాదు’ అనే మాట పుట్టదు. ‘ఇవ్వు’ అనే మాట అంతకన్నా పుట్టదు. ఎవరింటికైనా వెళ్తే కాఫీ తాగుతారా అంటారు. అబ్బే వద్దండీ అనాలి. మళ్ళీ అడుగుతారు. మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి అడిగాకే, సరే, అరకప్పు చాలు అని, రెండు కప్పులు తాగి రావాలి. మొదటిసారే చెయ్యి చాపినవాణ్ణి గురించి ఊరు ఏడాదిపాటు చెప్పుకుంటుంది. నేనీ ఊళ్ళలో పాతికేళ్ళు కాపురం చేశాను. ఎన్ని కాఫీలు పోగొట్టుకున్నానో నాకే తెలుసు.

“నువ్వూ రావే, ధైర్యంగా ఉంటుంది,” అంది టెస్సా.

“నేనెందుకు మధ్యలో? చలి. ఇక్కడే ఉంటా. పో.”

టెస్సా దిగింది.

ప్రొఫెసర్ ఇంట్లో లేడు. ఇంటి వెనక సరస్సులో, ఛాతీదాకా ఉండే రబ్బరు లాగు తొడుక్కుని, నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. పడవ కట్టుకునేందుకు ఒడ్డునుంచి నీళ్ళలోకి వేసుకున్న చెక్క వారధిని ముక్కలు ముక్కలుగా విప్పి ఒడ్డుకి లాగుతున్నాడు. సరస్సు గడ్డకట్టే లోపల ఆ పని అయిపోవాలి, లేకపోతే వసంతానికి పుల్లలే మిగులుతాయి. అరవై అయిదేళ్ళ మనిషి, ఒక్కడే, చేతిలో రెంచి పట్టుకుని వంగి ఉన్నాడు.

“ఓ, టెస్సా,” అన్నాడు, నిన్న సాయంత్రమే చూసినట్టు. “ఇటువైపు వచ్చావా?”

“అవును సర్. ఊరికే, ఇటే వెళ్తూ.” గంటన్నర ప్రయాణం చేసి వచ్చిన పిల్ల చెప్పిన మాట ఇది.

“చలి ముందే వచ్చేసింది.”

“వచ్చేసింది సర్.”

“పోయినేడు ఈపాటికి ఇంత లేదు.”

“లేదు సర్.”

గాలి సరస్సు మీదనుంచి కోతగా వీస్తోంది. ప్రొఫెసర్ వారధి ముక్క వైపు ఒకసారి, టెస్సా వైపు ఒకసారి చూశాడు. “నాకు సాయం అవసరమేం లేదు. ఒక్కణ్ణే చేసుకుంటా. ఇద్దరుంటే కాస్త తేలిక, అంతే.”

ఆ మాటకి అర్థమేమిటో టెస్సాకి ఒకరు చెప్పనక్కర్లేదు. మెట్లమీద ఆయన భార్య ఆర్డిస్ రబ్బరు బూట్లు కనిపించాయి. అవి తొడుక్కుని, తన బూట్లు తీసుకెళ్ళి కారులో పడేసి వచ్చి నీళ్ళలో దిగింది. ఎడమకాలి బూటుకి చిల్లి ఉంది. రెండడుగులు వెయ్యగానే నీళ్ళు లోపలికి దూరి, కాలు తనదో కాదో తెలియకుండా పోయింది.

ఒక ముక్క లాగారు. రెండోది లాగారు. ఆయన బోల్టు విప్పడం, ఆమె కొస పట్టుకోవడం, ఇద్దరూ కలిసి ఒడ్డుకి ఈడ్చడం. మధ్యలో ఆయన మాట్లాడింది బోల్టుల తుప్పు గురించి. ఒడ్డుకెళ్ళిన ప్రతిసారీ టెస్సా వంటింటి కిటికీలోంచి గోడగడియారం వైపు చూస్తోంది. మూడు దాటింది. ఈ పెద్దమనిషి టెస్సా బతుకంతా చేతిలో పెట్టుకుని తుప్పు గురించి మాట్లాడుతున్నాడు, తనేమో తలూపుతోంది.

“సర్, ఆ లెటర్...”

“ఆఁ, ఆ లెటర్.” ఆయన రెంచి తిప్పుతూనే ఉన్నాడు. “దాని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను.”

“ఆలోచించండి సర్, మీకు...”

తొందరేం లేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే చేతిలోని కొస జారింది. పట్టుకోబోయి టెస్సా మోకాళ్ళమీద పడింది, నీళ్ళు బూట్ల పైనుంచి, లాగులోంచి, నడుందాకా ఎక్కేశాయి. ఆ చలికి మాట ఆగిపోయింది. మర్యాద కూడా ఆ నీళ్ళలోనే ఎక్కడో పడిపోయి ఉండాలి.

“తొందరుంది సర్,” అంది.

ఆయన రెంచి ఆపాడు.

“చాలా తొందరుంది. ఇవాళ ఐదింటికి మూసేస్తున్నారు. మీరు వసంతంలో రాస్తానన్నారు. నేను ఆరునెల్లు ఎదురుచూశాను. రోజూ పొద్దున లేవగానే ఫోను చూసుకుంటాను, మీరు పంపారేమోనని. నా ఫైలు తెరిచినవాళ్ళు లేరు. నేను మంచిదాన్నో చెడ్డదాన్నో తేల్చడం అటుంచండి, అసలు నన్ను చూడనే లేదు. జీనాకి వారంలో రాశారు. నాకెందుకు రాయలేదు? అది చెప్పండి చాలు, నేను పోతాను.”

ఇంత పొడుగు మాట తన నోటివెంట వచ్చినందుకు ఆమెకే వణుకు పుట్టింది. కొంత చలివల్ల కూడా.

ప్రొఫెసర్ రెంచి తీసి ఒడ్డుమీద పెట్టాడు. “నేను నీకు మూడుసార్లు చెప్పాను టెస్సా,” అన్నాడు.

“ఏం చెప్పారు?”

“నువ్వు మొదటిసారి అడిగినప్పుడు, దీనికి నేను తగినవాణ్ణి కాదేమో అన్నాను. రెండోసారి అడిగితే, నిన్ను బాగా ఎరిగినవాళ్ళు ఇంకెవరైనా ఉంటారేమో చూడు అన్నాను. మూడోసారి అడిగావు. ఇంకేమనను? సరే, చూద్దాంలే అన్నాను.”

ఆ రోజు ఆయన ఆఫీసు గుమ్మంలో నిలబడి తను ఎంత మురిసిపోయిందో టెస్సాకి గుర్తొచ్చింది. ఎంత వినయం ఈయనకి అనుకుంది. రెండుసార్లు కాదని మూడోసారి ఒప్పుకున్నాడు, అచ్చం కాఫీకి ఒప్పుకున్నట్టు. ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి, ‘ఓస్ట్‌బీ గారు రాస్తానన్నారమ్మా’ అని చెప్పింది కూడా.

“మీరు మొహమాటపడుతున్నారనుకున్నాను,” అంది.

“నేను వద్దంటున్నానని నువ్వు గ్రహిస్తావనుకున్నాను. ఆలస్యం చేస్తే అప్పుడైనా వేరేవాళ్ళని అడుగుతావనుకున్నాను. నువ్వేమో తొందరేం లేదు, తొందరేం లేదు అని రాస్తూ వచ్చావు. నిజంగానే లేదేమో, ఇంకెవరో రాసుంటారేమో అనుకుని ఊరుకున్నా.”

ఈ ఇద్దరినీ ఒక గదిలో పెట్టి, ఇంటికి నిప్పంటుకుందని చెబితే, ముందు మీరు పదండంటే ముందు మీరు పదండనుకుంటూ ఇద్దరూ కాలిపోతారు. నాకిప్పుడు కోపం ఎవరిమీదా అంటే చెప్పలేను. టెస్సాకి మాత్రం చెప్పగలిగేంత కోపం వచ్చింది.

“ఎందుకు వద్దు?” అంది. “నాలో ఏం తప్పు చూశారు?”

సమాధానం నీళ్ళలోంచి కాదు, మెట్లమీంచి వచ్చింది. ఆర్డిస్ తలుపు తీసుకుని నిలబడి ఉంది, చేతిలో రెండు తువ్వాళ్ళతో. ఎప్పటినుంచి వింటోందో. “లోపలికి రండి ఇద్దరూ. ఈ పిల్లకి జ్వరం వస్తుంది. హార్లన్, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? రెండేళ్ళుగా నా బుర్ర తింటున్నావు ఈ విషయంతో.”

వంటింట్లో ఆర్డిస్ టెస్సాని పొయ్యి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలు కప్పింది. కాఫీ తాగుతావా అని అడగలేదు, కప్పు తెచ్చి చేతిలో పెట్టేసింది. టెస్సా అలవాటుకొద్దీ అబ్బే అనబోతే, “తాగు తల్లీ, నాటకాలకి ఇప్పుడు టైము లేదు,” అంది. బల్లమీద కంప్యూటర్ ఉంది, మనవలతో మాట్లాడుకోడానికి పెట్టించుకున్నది. ఉత్తరం పంపాలంటే పది నిమిషాల పని. టెస్సా దాన్ని చూడకుండా ఉండాలని ప్రయత్నం చేసింది.

ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు. “ఈస్ట్ కణాలు లెక్కపెట్టే ప్రయోగం గుర్తుందా? మూడో సంవత్సరంలో.”

“గుర్తుంది. వారమంతా రోజూ మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టాలి. ఎవరి పళ్ళెం వాళ్ళదే.”

“ఎవరిది వాళ్ళదే. ఇద్దరి లెక్కలు ఎప్పుడూ ఒకటి కావు. కాలేవు. నీవీ జీనావీ ఒకటే అయ్యాయి. అన్ని రోజులవీ. చివర్లో ఒక గుణకారం తప్పు చేశావు నువ్వు. ఆ తప్పుతో సహా.”

టెస్సా కప్పు బల్లమీద పెట్టింది.

“జీనాది ముందు వచ్చింది. నీది వారం తర్వాత వచ్చింది,” అన్నాడాయన. “వెనక వచ్చినవాళ్ళు ముందొచ్చినదాన్ని చూసి రాశారనే కదా ఎవరైనా అనుకుంటారు.”

“మా అమ్మకి ఆపరేషనని నేను ఊరెళ్ళాను సర్. లెక్కలన్నీ వెళ్ళకముందే అయిపోయాయి. వచ్చాక శుభ్రంగా రాసి ఇచ్చాను. మీ ఆఫీసులో చెప్పే వెళ్ళాను.”

“వెళ్ళావు. అది నాకు తెలుసు. అందుకే ఇంకా కష్టమనిపించింది. పాపం, వాళ్ళమ్మకి బాగాలేక, టైము లేక అలా చేసిందనుకున్నాను. ఇద్దర్నీ బజారుకీడ్చడం ఇష్టంలేక మార్కులు వేసేసి ఊరుకున్నాను.”

“నన్ను ఒక్కమాట అడగొచ్చు కదా?”

“అడిగితే నువ్వు బాధపడతావని.”

టెస్సా నవ్వింది. ఆ నవ్వు విని ఆర్డిస్ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. “నేను బాధపడతానని అడగలేదా సర్? రెండేళ్ళుగా మీ కళ్ళలో నేను దొంగని, అది నాకు తెలీకుండా మీకు గుడ్ మార్నింగ్ చెబుతూ తిరిగాను. మీరు బాధ తప్పించింది ఎవరికి?”

ప్రొఫెసర్ మొహం ఎర్రబడింది. ఆయన చెడ్డవాడు కాదు, అదే ఇక్కడ చిక్కు. చెడ్డవాడైతే టెస్సా ఎప్పుడో తిట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోయేది.

“నిన్ను అడగలేదు,” అన్నాడు నెమ్మదిగా. “జీనాని అడిగాను.”

“ఏమని?”

“తను లెటర్ కోసం వచ్చినప్పుడు ఆ సంగతి కదిపాను. అందరిముందూ కాదు, నా గదిలోనే. తను తల దించుకుని, ‘టెస్సాకి అప్పుడు ఇంట్లో బాగాలేదు సర్, దాన్నేం అనకండి, ఇంతటితో వదిలెయ్యండి’ అంది.” ఆయన గొంతు తగ్గించాడు. “నాకు కళ్ళు చెమర్చాయి. తన కష్టాన్ని ఎత్తుకుపోయినా స్నేహితురాలిని కడుపులో పెట్టుకుంది అనుకున్నాను. ఆ మాటే లెటర్‌లో ఒక పేరా రాశాను. పేర్లు లేకుండా.”

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. దాన్నేం అనకండి. ఎంత మంచి మాట. ఆ మాటతోనే జీనా సీటు తెచ్చుకుంది, ఆ మాటతోనే తన ఫైలు మూలన పడింది. పది రోజుల కిందట జీనా మెడ కావలించుకుని అభినందనలు చెప్పిన తన చేతులవంక టెస్సా చూసుకుంది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు.

“నేను చూసి రాయలేదు,” అంది. “ఒక్క అంకె కూడా. నా బల్లమీద కాగితం అలాగే వదిలేసి బస్సెక్కాను.”

ప్రొఫెసర్ ఆమెని తేరిపార చూశాడు. “నువ్విలా అంటున్నావు. తను అలా అంది. నేను నమ్మాలనే ఉంది టెస్సా. కానీ నా సంతకం పెట్టి, నాకు తెలియనిది తెలిసినట్టు రాయలేను. రేపు నీ చేతుల్లో మనుషుల ప్రాణాలుంటాయి.”

“అలాగైతే ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? ఐదింటికి ఇంకెంతో లేదు.”

“ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని నిజం చెబితే, ఇక్కడే, ఈ బల్లమీదే రాస్తాను. నాకు వచ్చినంత బాగా రాస్తాను. ఇలాంటిది ఫోనులో అడగను. ఒకసారి సరిగ్గా అడక్కుండా చేసిన తప్పు చాలు. కానీ ఆ పిల్ల ఎక్కడుందో ఏమో, ఇవాళ ఎలా...”

“బయటే ఉంది,” అంది టెస్సా. “కారులో.”

ఆర్డిస్ గరిటె కింద పెట్టేసింది. ముగ్గురూ కిటికీలోంచి చూశారు. రోడ్డు పక్కన నీలం కారు, వెనక గొట్టంలోంచి తెల్లగా పొగ.

టెస్సా తువ్వాలు కుర్చీలో పడేసి, ఆర్డిస్ బూట్లతోనే బయటికి నడిచింది. అడుగు వేసినప్పుడల్లా బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి.

జీనా కిటికీ అద్దం దించింది. “ఏంటే, సరస్సులో స్నానం చేశావా? ఏమన్నాడు ముసలాయన? రాస్తాడా?”

“నువ్వు లోపలికొస్తే రాస్తాడు.”

జీనా నవ్వబోయి ఆగింది. హీటరు మీద ఉన్న చెయ్యి అక్కడే ఉండిపోయింది. జీనాకి నటించడం చేతకాదు. ఆ సంగతి ఒప్పుకోవాలి.

“చెప్పేశాడా?” అంది.

“చెప్పేశాడు.”

“మీవాళ్ళు నోరు విప్పరు కదా,” అంది జీనా, ఎవరో మోసం చేసినట్టు. “నాలుగేళ్ళలో ఇక్కడ ఒక్కడు మనసులో మాట అనగా వినలేదు నేను. వాతావరణం గురించి పది నిమిషాలు మాట్లాడి, కాఫీ పోసి పంపించేస్తాడనుకున్నా. అందుకే తీసుకొచ్చా నిన్ను.”

“నా కాగితం చూసి రాశావా?”

“రాశాను. ఆ వారమంతా ల్యాబ్‌కి వెళ్ళలేదు నేను. ఎందుకో నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నేను ప్రేమించిన ఆ డెరెక్ గాడితో గొడవ. మంచం దిగలేదు. నీ కాగితం బల్లమీదుంది. రాసేశాను.” ఆమె గొంతులో పశ్చాత్తాపం ఉంది, విసుగూ ఉంది. “ఆయన పిలిచి అడుగుతాడని కలగన్నానా? అడిగేసరికి నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. నిన్నేమీ చెయ్యనన్నాడు. పోన్లే, ఎవరికీ నష్టం లేదనుకున్నా.”

“నష్టం లేదా?”

“అందుకే కదే వేసవి నుంచీ మొత్తుకుంటున్నా, ఆయన్ని వదిలెయ్, వేరేవాళ్ళని అడుగు అని. నువ్వు విన్నావా? ఆయన నొచ్చుకుంటాడన్నావు.”

టెస్సాకి ఒళ్ళు మండిపోయింది. అందులో అన్నిటికన్నా మండించింది ఏమిటంటే, ఆ చివరి మాట అక్షరాలా నిజం. దొంగతనం చేసిన మనిషే దారి కూడా చూపించింది. తను మర్యాదకి పోయి ఆ దారి పట్టలేదు.

“లోపలికి రా జీనా. ఇంకా టైముంది. ఇప్పుడు నాకు చెప్పిందే ఆయనకి చెప్పు.”

“చెబితే నా లెటర్ వెనక్కి తీసుకుంటాడు. కాలేజీకి రాస్తాడు. నా సీటు పోతుంది. ఇంకెక్కడా రాదు, ఈ ఏడాదే కాదు, ఎప్పటికీ. అది తెలుసా నీకు?”

“తెలుసు.”

“తెలిసే రమ్మంటున్నావా?”

ఇంకెప్పుడైనా అయితే, ‘నీ ఇష్టం, నీకు కుదిరితేనే’ అని ఉండేది టెస్సా. తను ఎవరినైనా ఇల్లు అడిగినా, కిడ్నీ అడిగినా అదే మాట ఆమెది. ఆ మాట కోసం జీనా కూడా ఎదురుచూస్తున్నట్టే ఉంది. కళ్ళు టెస్సా మొహం మీదే ఆనించి ఉంది.

“తెలిసే రమ్మంటున్నాను,” అంది టెస్సా.

జీనా తల తిప్పుకుంది. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, ఎదురుగా ఉన్న మట్టిరోడ్డుని చూస్తూ కూర్చుంది. ఆమె కింది పెదవి వణుకుతోంది. జీనా ఏడవగా టెస్సా ఇంతవరకూ ఒక్కసారే చూసింది, ఆ డెరెక్ గొడవ రోజుల్లో. ఆ రాత్రి సూప్ కాచి తాగించింది తనే.

“నీ స్థానంలో నేనుంటే రమ్మనేదాన్ని కాదు,” అంది జీనా.

“నాకు తెలీదు అది. నువ్వెప్పుడూ నా స్థానంలో లేవు.”

కారు కదిలింది. తలుపుమీద ఉన్న టెస్సా చెయ్యి జారిపోయింది. ఆగమని అరవలేదు, వెంట పరిగెత్తలేదు. ఆమె ఫోనూ, పొడి బూట్లూ, ఇంటి తాళాలూ అన్నీ ఆ కారులోనే ఉన్నాయి. నీలం కారు గుంటల్లో ఎగిరెగిరి పడుతూ, మట్టిరోడ్డు వెళ్ళి తారురోడ్డులో కలిసేచోటికి పోయింది.

వెనకాల వంటింటి తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ కోటు వేసుకుంటూ మెట్లమీదికి వచ్చాడు. “వెళ్ళిపోయిందా?” అని అడిగాడు. ఆయన గడియారం చూసుకుని, నాలుగు దాటిందని మాత్రం అన్నాడు. టెస్సా ఆయన వైపు తిరగకుండా కారునే చూస్తోంది.

తారురోడ్డు అంచున కారు వెనక రెండు ఎర్రదీపాలు వెలిగాయి. కారు ఆగింది. ఎడమకి తిరిగితే పట్నం, కుడికి తిరిగితే రాష్ట్రం దాటే పెద్దరోడ్డు, వెనక్కి తిరిగితే ఈ ఇల్లు. ఎటు తిరుగుతున్నట్టూ సైగ దీపం వెయ్యలేదు. ఒక లారీ వచ్చి హారన్ కొట్టి పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆ ఎర్రదీపాలు మాత్రం అలాగే వెలుగుతున్నాయి.